పురమాలిన్యము - గుత్తలు

నగరపాలక సంస్థ తన పనులలో దేనిని తన చేతులలో నుంచుకొనవలెను, దేనిని గుత్తకీయవచ్చును అను ప్రశ్న విశాఖపట్టణమున ప్రతి గుత్త ముగియునపుడును చర్చకు రావలసినది, కాని రాదు. టెండరు తెఱచిన మఱునాడు ధరను గూర్చి రెండు దినములు వాదములు జరుగును. ఎవరికి దక్కినది, ఎవరికి తప్పినది అను ముచ్చట మఱి రెండు దినములు సాగును. గుత్తపత్రములో నేమి వ్రాయబడినదో అడుగువారు మాత్రము అరుదు. రోడ్డు వేయుట, దీపము నిలుపుట, గొట్టము పఱచుట వంటిదే చెత్త యెత్తుటయు నని తలచుటవలన ఈ ఉపేక్ష కలిగినది. రోడ్డు ఒకసారి వేసినచో కొన్నేండ్లు నిలుచును. కసవు రేపు తెల్లవారుసరికి మఱల పుట్టును. రోడ్డు గుత్తదారు నెలదినములు జాగుచేసినను ఊరు ఓర్చుకొనును. చెత్త గుత్తదారు ఒక్కదినము బండి నిలిపినచో ఆ సాయంకాలమునకే వీధి మొగము మాఱిపోవును.

1992వ సంవత్సరపు 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంస్థలకు అప్పగింపదగిన విధులను 12వ షెడ్యూలులో చేర్చినది. అందు ఆఱవది ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, ఘనవ్యర్థముల నిర్వహణము. ఈ విధిని నెఱవేర్చుటకు సంస్థ తన నౌకరులను పెట్టుకొనవచ్చును, లేదా గుత్తదారుని పిలువవచ్చును. రెండును ధర్మసమ్మతములే. కాని గుత్తదారుడు వచ్చినంత మాత్రమున విధి సంస్థను వదలి పోదు. ఈ చిన్న సంగతిని మన పురపాలకులు మఱచుచున్నారనియే మా ఫిర్యాదు. వీధిలో పెంట పేరుకొన్నదని పౌరుడు వార్డు కార్యాలయమునకు పోయినచో అది కంట్రాక్టరు పని యని సమాధానము; కంట్రాక్టరు మనుష్యు నడిగినచో తమకు బిల్లు రాలేదని సమాధానము. ఈ రెండు సమాధానముల నడుమ పెంట అక్కడనే యుండును.

ఇది ఈనాటి తగవు కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరరక్షకుడైన నాగరికుని విధులు చెప్పిన ప్రకరణములో, వీధిలో దుమ్ము పోసినవానికి పణమున ఎనిమిదవ వంతును, బురదనీరు నిలువజేసినవానికి నాల్గవ వంతును దండముగ విధింపబడినది. రాజమార్గమున ఆ పని చేసినచో దండము రెట్టింపు. పాశ్చాత్యుల చరిత్ర మఱొక పాఠము చెప్పును. 19వ శతాబ్ది మొదట లండను ఇండ్లలోని బొగ్గుబూడిదను ఎత్తుకొనిపోవు గుత్తదారులు పేటల సంఘములకు తామే ఎదురు సొమ్ము చెల్లించుచుండిరి. ఇటుకల తయారికి ఆ బూడిద కావలసి యుండెను. గిరాకి తగ్గినపిమ్మట ఆ గుత్తదారులే సంఘములనుండి సొమ్ము పుచ్చుకొనసాగిరి. డికెన్సు 1864-65 సంవత్సరములలో ప్రకటించిన ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’ నవలలో ఒక కుటుంబపు ఆస్తి యంతయు బూడిదగుట్టలే. చెత్త ఒకనాడు ధనము, ఒకనాడు భారము. అది ఎపుడు ధనమగునో ఎపుడు భారమగునో గుత్తదారునకు తెలిసినంతగా పురపాలకునకు తెలియకపోవుటచే నష్టము కలుగును. ఆ నష్టము పన్ను చెల్లించువానిది.

మహా విశాఖ నగరపాలక సంస్థ 2005లో గాజువాకను, చుట్టుప్రక్కల గ్రామములను కలుపుకొని యేర్పడినది. 2011 జనాభా లెక్కలనాటికే 17 లక్షల జనము. ఇప్పుడు 98 వార్డులు. ఒకవైపు నౌకాశ్రయము, ఒకవైపు ఉక్కు కర్మాగారము, నడుమ కొండలు, ఎదుట సముద్రము. ఇట్టి పట్టణమున పారవేయుటకు చోటు దొరకుట కష్టము. నగరపు కసవు దీర్ఘకాలమునుండి భీమునిపట్టణపు దిక్కున నున్న కాపులుప్పాడకు పోవుచున్నది. గాజువాకలో ఎత్తిన కసవు కాపులుప్పాడ చేరవలెనన్న నగరమునంతయు ఈ కొననుండి ఆ కొనకు దాటవలెను. కావున మన నగరమున చెత్త ఖర్చులో పెద్దపాలు ప్రయాణపు ఖర్చే. వీధిలో ఎత్తుట, నడిమి కేంద్రమునకు చేర్చుట, అచటినుండి పెద్దబండిలో కాపులుప్పాడకు మోయుట, అచట కాల్చుట, పాతగుట్టను త్రవ్వి వేరుచేయుట - ఇవి వేర్వేఱు పనులు. వీని నొక్కొక్క దానిని ఒక్కొక్కరికి గుత్తకిచ్చినచో ఒకరి తప్పు మఱొకరిమీద పడును. అన్నింటిని ఒక్కనికే యిచ్చినచో వాడే కాటా, వాడే బండి, వాడే గుట్ట. రెండును అపాయములే. ఏ అపాయమును ఎందుకు ఎన్నుకొనుచున్నారో చెప్పి ఎన్నుకొనవలెనని మేము కోరుచున్నాము.

గుత్త స్వరూపమును కొంత విపులముగ చెప్పుట అవసరము. గుత్తదారునకు దేనిని కొలిచి సొమ్ము ఇత్తుమో, వాడు దానినే పెంచును. ఇది లోకస్వభావము, కౌలునకు భూములిచ్చు మా పాఠకులకు విడమరచి చెప్పనక్కఱలేదు. టన్నుకింత యని యిచ్చినచో బరువు పెరుగును. వర్షకాలపు తడిచెత్తలో నీరే సగము. ఆ నీటిని కూడ మనము బండియెక్కించి, కూలి యిచ్చి, కాపులుప్పాడకు మోయుచుందుము. కూల్చిన గోడల మట్టి, రాళ్లు చెత్తలో కలిసిన కొలది కాటామీద ముల్లు గుత్తదారునకు అనుకూలముగ కదలును. ఇట్టి గుత్తలో ఇంటియొద్దనే తడి పొడి వేరుచేయుమని పౌరులకు బోధించు ఉత్సాహము గుత్తదారున కెట్లు కలుగును? వేరుచేసిన ప్రతి కిలో వాని రాబడిలో తఱుగు. బండి కింతయని నెలబాడుగ యిచ్చినచో బండ్లు వీధులలో కనబడును, తిరుగునా లేదా యన్నది వేఱు మాట. మనిషి కింతయని యిచ్చినచో హాజరుపట్టీ నిండును. వీధిలో చీపుళ్లు మాత్రము పట్టీలోని పేళ్లకంటె తక్కువగ కనబడును. వీధి శుభ్రతను చూచి ఇత్తుమన్నచో చూచువా డెవడు అను ప్రశ్న పుట్టును. ఏ కొలతలోను దోషము లేకపోలేదు. అందుచేతనే కొలుచువాడు, తనిఖీ చేయువాడు సంస్థకు చెందినవాడై యుండవలెను. తనిఖీ కూడ గుత్తకిచ్చిన సంస్థకు కన్నులు లేనట్లే.

గుత్తదారులందఱు దుష్టులని మేమనము. నెలలకొలది బిల్లులు చెల్లింపక, ఆ బిల్లు రాలేదని కూలివానికి జీతము ఆపుటకు గుత్తదారున కవకాశమిచ్చి, తుదకు సమ్మె వచ్చినపుడు తనకేమియు సంబంధము లేదని చెప్పు ప్రభుత్వముకంటె పొట్టకొఱకు వ్యాపారము చేయువాడే నయమని తోచు సమయములు కూడ కలవు. కనిష్ఠధరకు పాడినవానికే గుత్త యిచ్చు పద్ధతి ఈ చిక్కులో సగమునకు మూలము. ఈ పనిలో తగ్గింపదగిన ఖర్చులు కొన్నియే. డీసెలు ధర తగ్గదు, టైరు ధర తగ్గదు. తగ్గునది కూలివాని చేతి తొడుగు, కాలి జోడు, భవిష్యనిధికి కట్టవలసిన సొమ్ము. తక్కువకు పాడినవాడు ఎచట మిగుల్చుకొనెనో తెలియవలెనన్న వేకువన చెత్తబండి వెంట నడచునట్టి మనుష్యుని కాళ్లవైపు చూచిన చాలును.

ఈ కార్మికుల చరిత్ర మన రాష్ట్రమున పలు మలుపులు తిరిగినది. 2015 చివర వెలువడిన 279 సంఖ్యగల ఉత్తర్వు మనుష్యుల లెక్కను మాని పని ఫలితమును బట్టి పారిశుద్ధ్యమును గుత్తకిచ్చు పద్ధతిని తలపెట్టెను. అది తమను గుత్తదారుల పాలు చేయునని కార్మికసంఘములు రాష్ట్రమంతట ఎదిరించినవి. ఏండ్ల తరబడి ఆందోళనలు, సమ్మెలు జరిగినవి. పిమ్మట దళారులను తొలగింతుమని చెప్పి పొరుగుసేవల సంస్థ ఆప్కాస్‌ను స్థాపించి, 2020లో కార్మికులకు దాని ద్వారా నియామకపత్రము లిచ్చిరి. జీతము బ్యాంకులో నేరుగా పడుట మేలే. ఐనను 2023 డిసెంబరు చివర రాష్ట్రవ్యాప్తముగ సమ్మె మొదలై 2024 జనవరి వఱకు సాగుట చూచితిమి. పనికి సమానమైన జీతము, ఉద్యోగస్థిరత్వము అను కోరికలు దళారి పోయినంతమాత్రమున తీరలేదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను ఈ నగరమును నేలమట్టము చేసినపుడు, కూలిన చెట్లను, రేకులను, గోడలను ఎత్తినవారెవరు? మన కార్మికులును, ఇతర పురములనుండి వచ్చిన కార్మికులును. అట్టి సమయమునకు వలయు మనుష్యబలమును ఏ టెండరులోను ముందుగ వ్రాయుట సాధ్యము కాదు. సంస్థకు సొంత మనుష్యులు కొందఱైన లేకపోయినచో మఱొక తుఫాను రాత్రి మనము ఎవరికి కబురు చేయుదుము?

2021 అక్టోబరు 2వ తేదీన ‘క్లాప్’ అను పేరుతో ఇంటింటి సేకరణకు వేలకొలది బండ్లు రాష్ట్రమున బయలుదేఱినవి. నగరములలో ఇంటికి నెలకు 120 రూపాయల రుసుము విధించిరి. ప్రజలు దానికి చెత్తపన్ను అని పేరుపెట్టిరి. ఆ పేరే దాని మరణశాసన మయ్యెను. ప్రభుత్వము మాఱిన పిమ్మట 2024 అక్టోబరు 2వ తేదీననే దాని రద్దును ప్రకటించిరి. ఇందులో ఒక వింత కలదు: స్వచ్ఛభారత్ ఆరంభము 2014 అక్టోబరు 2న, చెత్తపన్ను బండ్ల ఆరంభము అక్టోబరు 2న, పన్ను రద్దు అక్టోబరు 2న. మహాత్ముడు 1901 కలకత్తా కాంగ్రెసులో తానే చీపురు పట్టెను. మన నాయకులు ఆయన జన్మదినమును ముహూర్తముగ పట్టుకొనిరి.

పన్ను రద్దైనదని సంతోషించువారితో మేము తగవులాడము. ఆస్తిపన్ను చెల్లించువాడు మఱల వీధి ఊడ్చుటకు వేఱుగ చెల్లింపవలెనా యని అడుగుట న్యాయమైన ప్రశ్నయే. కాని రుసుము పోయినను బండి బాడుగ పోదు. అది సంస్థ సాధారణనిధి నుండియో, ప్రభుత్వపు గ్రాంటు నుండియో రావలెను. గుత్త మూడేండ్లకో ఐదేండ్లకో వ్రాసి, దానిని చెల్లించు ఆదాయమును ఎన్నికకు ఎన్నికకు మార్చుచు పోయినచో మధ్యన నలిగిపోవువాడు బండి తోలు డ్రైవరు. ఏ పార్టీ మంచిది అను విచారణ మాకు వలదు. ఆదాయము చూపక గుత్త వ్రాయరాదు, గుత్త ముగియక ఆదాయము తీసివేయరాదు అను నియమము రెండు పార్టీలకును సమానమే.

ఇక కాపులుప్పాడలోని చెత్తనుండి విద్యుత్తును తీయు కర్మాగారము సంగతి. ఈ ఆశ తెలుగువారికి క్రొత్త కాదు. 2003 ప్రాంతమున హైదరాబాదు దాపున షాద్‌నగర్ ప్రాంతమునను, విజయవాడలోను ఇట్టివి వెలసినవి, రెండును మూతపడినవి. 2016లో రాష్ట్రమున పది చోట్ల ఇట్టి కర్మాగారములకు ఒడంబడికలు కుదిరినవి. వానిలో గుంటూరు, విశాఖ కర్మాగారములు మాత్రము నిలిచినవి. 15 మెగావాట్ల శక్తిగల విశాఖ కర్మాగారము 2022లో పనిచేయ నారంభించెను. గుట్టలు పెరుగక నిలిచినచో సంతోషింపనివా రుండరు. కాని దీని స్వభావమును తెలిసికొనవలెను. పొయ్యికి ఎండిన కట్టెలు కావలెను. మన చెత్తలో సగమునకు మించి తడిది: కూరల తొక్కలు, మిగిలిన అన్నము, అరటియాకులు. బాగుగ మండునవి కాగితము, అట్ట, ప్లాస్టిక్కు. అమ్మిన డబ్బువచ్చునవియు అవియే. కావున పొయ్యియు, పాతసామానుల వర్తకుడును ఒకే వస్తువునకు పోటీపడుదురు. దినమునకింత చెత్త తప్పక ఇచ్చెదమని సంస్థ మాట యిచ్చినచో, నగరము చెత్తను తగ్గించుకొన్న దినమున తానే మాట తప్పినదగును. 2016 ఘనవ్యర్థముల నిబంధనలు మఱల వాడుటకు వీలులేనిదై, కిలోకు 1500 కిలోకెలరీల వేడిమి యిచ్చు చెత్తనే యిట్టి పనికి వాడవలెనని చెప్పినవి. ముందు వేరుచేయుట, పిమ్మట కాల్చుట అను క్రమము అందులోనే యున్నది. ఆ క్రమమును తలక్రిందు చేయు మాట యేదైన గుత్తపత్రములో నున్నదా లేదా యని తెలిసికొను హక్కు పౌరునకు కలదు.

ఇచట మఱొక గట్టి మాట చెప్పవలసి యున్నది. ఆ ఒడంబడిక కుదిరిన 2016లో విశాఖ నగరమునకు ఎన్నికైన సభ లేదు. 2012లో సభ కాలము ముగిసినది. మఱల ఎన్నికలు జరిగినది 2021 మార్చిలో. తొమ్మిదేండ్లు ఇంతటి మహానగరము అధికారుల చేతిలో నుండెను. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము చేసినపుడు, పాలనలో నైపుణ్యముకంటె ప్రజలకు రాజకీయశిక్షణము ముఖ్యమని పరాయి ప్రభుత్వమే ఒప్పుకొన్నది. స్వతంత్రభారతమున, రాజ్యాంగము ఐదేండ్లకొకసారి ఎన్నిక జరుపవలెనని శాసించిన పిదప, తొమ్మిదేండ్లు ఎన్నిక లేకుండుట ఒక అపరాధము. ఆ కాలమున ఒక తరమును కట్టివేయు ఒడంబడికలు చేయుట దానికి తోడు అపరాధము. ఎన్నికైన సభ లేని కాలమున చేసిన గుత్త ఏదైనను, సభ యేర్పడిన ఆఱు నెలలలో దాని యెదుట ఆమోదమునకు రావలెనని శాసనసభ చట్టము చేయవలెను.

గుత్తపత్రములలో ఎక్కడను పేరులేని మనుష్యులు కొందఱు కలరు. తెల్లవారక మునుపే గోనెసంచితో బయలుదేఱి, సీసా, అట్ట, ఇనుము ఏఱుకొని పాతసామానుల దుకాణమున అమ్ముకొనువారు. సంస్థకు ఒక్క పైసా ఖర్చులేక చెత్త బరువును వీరు తగ్గించుచున్నారు. చెత్తయంతయు గుత్తదారునిదే యని పత్రములో ఒక్క పంక్తి చేరినచో, నిన్నటివఱకు కూలి అయిన పని నేడు దొంగతన మగును. పారిసులో 1883లో పొబెల్లు అను అధికారి ప్రతి యింటివారు చెత్తను మూడు పాత్రలలో వేరుచేసి పెట్టవలెనని శాసించినపుడు, మొదట మొఱపెట్టినవారిలో అచటి చింకిగుడ్డలు ఏఱువారు ముఖ్యులు. పూనాలో ఈ చిక్కు వేఱుగ తీరినది. చెత్త ఏఱువారే సహకారసంఘముగ నేర్పడి, ‘స్వచ్ఛ్’ అను పేరుతో 2008లో నగరసంస్థతో ఒడంబడిక చేసికొని, ఇంటింటికి పోయి చెత్త పుచ్చుకొని, పొడిచెత్తను అమ్మి రాబడి తామే పొందుచున్నారు. బండ్ల బేరములో వలె ఇందులో పెద్ద సొమ్ములు చేతులు మాఱవు. మన రాష్ట్రమున దీనికి ఉత్సాహము తక్కువగ నుండుటకు అదియే కారణమా యని సంశయించువారిని మేము తప్పుపట్టజాలము.

తడిచెత్త మాట రైతులది. ఇందూరులో ఆల్బర్టు హోవర్డు కంపోస్టు పద్ధతిని పెంపొందించి నూఱేండ్లు కావచ్చుచున్నది. మన పురపాలక సంఘములు పూర్వము పెంటను వేలమువేసి రైతులకు అమ్ముచుండెడివి. ఇప్పుడు రైతు ఎందుకు కొనడు? అందులో గాజుముక్కలు, బ్లేళ్లు, ప్లాస్టిక్కు పేలికలు ఉండును గనుక. 2016లో కేంద్రప్రభుత్వము నగర కంపోస్టునకు టన్నుకు 1500 రూపాయల సహాయము ప్రకటించినను, నాగలికి ప్లాస్టిక్కు చుట్టుకొనిన రైతునకు ఆ సహాయము రుచింపదు. ఉక్కు కర్మాగారపు చిట్టెమును సిమెంటువారు కొనుచున్నారు. అది ఒకే జాతి వస్తువుగ, వేరై వచ్చును గనుకనే కొనుచున్నారు. ఇంటియొద్ద వేరైన తడిచెత్తకును అట్టి గిరాకియే కలుగును. సూర్యాపేట వంటి చిన్న పురము ఇరువదేండ్ల క్రిందటనే వేరుచేసి, వానపాముల ఎరువు చేసి, కుండీలు లేని ఊరని పేరుపొందినది. సూర్యాపేట చేసినది ఒక్కొక్క వార్డున చేయుటకు విశాఖకు అడ్డమేమి?

స్వచ్ఛసర్వేక్షణమున మన నగరము 2017లో మూడవది, 2019లో ఇరువది మూడవది, 2020లో తొమ్మిదవది, 2022లో నాల్గవది. ఈ అంకెలు ఎగుడుదిగుడులైనపుడెల్ల ఒకరికి సన్మానము, ఒకరికి బదిలీ. పాతజాలరిపేట సందులో నివసించు గృహిణికి ఆ అంకెతో పనిలేదు. బండి ఏ వేళకు వచ్చునో తెలిసిన చాలును.

వచ్చు గుత్తకు టెండరు పిలుచుటకు ముందు ముసాయిదాను తెలుగులో అచ్చువేసి 98 వార్డుల కార్యాలయములలో నెలదినములు ఉంచవలెను. సమాచారహక్కు చట్టము 2005నుండి అమలులో నున్నది. అడుగకయే చెప్పవలసిన సంగతులను అందులో వివరించిరి. రాజ్యాంగము చెప్పిన వార్డు కమిటీలు కాగితముమీద గాక కూర్చుండి ఈ ముసాయిదాను చదువవలెను. చెల్లింపులో కొంతభాగము కాటా బరువునకు గాక వేరుచేసిన తడి పొడి చెత్తకు ముడిపెట్టవలెను. కార్మికుల జీతము ముట్టినదని ఋజువు చూపిన పిమ్మటనే గుత్తదారు బిల్లు చెల్లింపవలెను. సంస్థయు ఆ బిల్లును గడువులో చెల్లింపవలెను. ఏ బండి ఎంత తెచ్చినదో కాపులుప్పాడ కాటా లెక్కను ఏనాటి దానాడే ప్రకటింపవలెను. గుత్తను గూర్చి ప్రజల అభిప్రాయము వినుటకు అధికారులు నగర నడిబొడ్డున సభ పెట్టుట వాడుక. ఈసారి దానిని కాపులుప్పాడలో పెట్టి, చుట్టుప్రక్కల గ్రామములవారిని మొదట మాటాడనీయవలెను. గాజువాక, మద్దిలపాలెము వారు బండి కట్టించుకొని అచటికే పోవుదురు గాక.